అరిగిందా, అసలు పడనే లేదా?

ముప్కాల్

మనుమడా,

నిజాం సిక్కాలు కొనే ముందు గ్రేడుల సంగతి తెలుసుకోవాలని అడిగావు. అమ్మేవాళ్ళ జాబితాల్లో కింది నుంచి పైకి గుడ్, వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రా ఫైన్, చివరికి అన్‌సర్క్యులేటెడ్ అని ఉంటాయి. ‘గుడ్’ అని చూసి సంబరపడకు, అది దాదాపు అడుగు మెట్టు. బొమ్మ ఆకారం తప్ప లోపలి గీతలన్నీ పోయిన నాణేన్ని అలా అంటారు. ‘ఫైన్’ కూడా బాగా చేతులు మారినదే. ఈ మాటలు ప్రధానంగా కొలిచేది అరుగుదలను. నాణెం అరుదైనదా, అందమైనదా, అసలైనదా అన్నది అవి చెప్పవు. గ్రేడుకు వేసే అంకెల కథ ఇంకా విచిత్రం. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తమ దేశపు పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా లెక్క పెట్టాడు. 70 అంకె నాణేనికి 1 అంకె దానికన్నా డెబ్బై రెట్లు ధర అని అతని ఉద్దేశం. ధరల లెక్క త్వరలోనే చెడిపోయింది, అంకెలు మాత్రం మిగిలి ప్రపంచమంతా పాకాయి.

ఒక రాగి సెంటు కోసం పుట్టిన కొలత మన సిక్కాల మీదికి వస్తే చిక్కు మొదలవుతుంది. హైదరాబాదు నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలన చివరి ఏళ్ళలో, హిజ్రీ 1321 నుంచి వచ్చిన చార్మినార్ రూపాయి మరమీద అచ్చయినది. దాని మీద ఆ మాటలు బాగానే పనిచేస్తాయి. వెలుతురుకు కాస్త వాల్చి చూడు. ముందు అరిగేది ఎత్తుగా ఉన్న చోటే కాబట్టి మినార్ల మీది సన్న గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయేమో, నడుమ ద్వారంలోని ఉర్దూ అక్షరం నిలిచిందేమో చూసుకోవాలి. మహబూబ్ అలీ ఖాన్‌ది అయితే ‘మీమ్’, అతని తరవాతి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది అయితే ‘ఐన్’ ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి నాణేల్లో ఆ ఐన్ సగమే కనిపిస్తుంది. దాన్ని అరుగుదల అనుకుంటే తప్పు, అచ్చే అలా చెక్కారు. చార్మినార్ రూపాయికి ముందటి హాలీ సిక్కా సుత్తిదెబ్బతో పడింది. అచ్చు బిళ్ళకన్నా పెద్దది కావడంతో రాతలో కొంత బిళ్ళ బయటే ఉండిపోయేది. తేదీ కనబడకపోతే అది జేబుల్లో అరిగి పోయిందని కాదు, అసలు పడనే లేదు. ఈ రెంటికీ ఒకే ‘వెరీ ఫైన్’ రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. అందుకే హాలీ సిక్కాకు అరుగుదల వేరు, అచ్చు పడిన తీరు వేరు అని రెండు మాటలు రాసుకోమంటాను.

అందరూ ఒప్పుకున్న మాటల్ని కాదంటే బేరమెలా సాగుతుందని నువ్వు అడగవచ్చు. కాదనమని నేననడం లేదు. దూరంగా ఉన్నవాడితో మాట్లాడటానికి అవి కావాలి, కాకపోతే కొనేవాడి గ్రేడు ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉంటుంది, అమ్మేవాడిది ఒక మెట్టు పైన. మరి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి అంకె ఇచ్చే కంపెనీలు ఉన్నాయి కదా అంటావా? అమెరికాలో 1986, 87లలో మొదలైన ఆ పద్ధతి తగాదాలు తగ్గించిన మాట నిజం. కానీ అక్కడికి పంపుదామంటే, నూరేళ్ళు దాటిన నాణెం మన 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని ఇష్టమొచ్చినట్టు దేశం దాటించకూడదు. పైగా అంకె చూసి కొనడం అలవాటైతే సగం ఐన్ నీ కంట ఎన్నటికీ పడదు.  

చింతపండుతో తోమిన వెండి సంగతీ చెప్పాలి. తెల్లగా మెరుస్తుంటే ‘అన్‌సర్క్యులేటెడ్’ అంటారు. కొత్త నాణెం మెరుపు, నాణేన్ని తిప్పుతుంటే దానితో పాటు తిరుగుతుంది. తోమినదాని మెరుపు చప్పగా పరుచుకుని, భూతద్దంలో ఒకే వైపు సన్నని గీరలు చూపిస్తుంది. నల్లబడిన రూపాయిని అలాగే ఉంచినవాడి దగ్గరే కొను.

మొదటి కొనుగోలుకు చార్మినార్ రూపాయి ఒక్కటి చాలు. రెండు వైపులా ఫోటోలు, తూకం అడుగు. అది 11.17 గ్రాములకు దగ్గరగా ఉండాలి, అరిగినదైతే కొద్దిగా తక్కువ. బాగా తేడా వస్తే గ్రేడు చదవనే అక్కర్లేదు.

మీ తాత