విధి నిర్వహణలో నున్న ఇన్‌స్పెక్టర్లకు చట్టము కల్పించు రక్షణ

ప్రజారోగ్యము కొరకు అంగళ్లను, ఇండ్లను తనిఖీ చేయు ఉద్యోగి పని జనులకు ప్రియమైనది కాదు. కల్తీ నేతిని పట్టుకొన్నను, మురుగునీరు వీధిలోనికి విడిచినవానికి నోటీసు ఇచ్చినను ఎవరికో ఒకరికి కోపము కలుగును. ఆ కోపము మాటలతో నిలువక చేయి చేసికొనుట వరకు పోవుటయు కలదు. అప్పుడు చట్టము ఉద్యోగికి ఎట్లు అండయగును, ఆ అండ నిలుచుటకు అతడేమి చేయవలెను అను రెండు సంగతులను అధికారులు ఎరిగియుండవలెను.

1860 నాటి ఇండియన్ పీనల్ కోడు 186, 332, 333, 353 సెక్షనులలో ఈ రక్షణ ఉండెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. అందలి ముఖ్యాంశములివి:

(1) 221వ సెక్షను: పబ్లికు సర్వెంటు పనికి బుద్ధిపూర్వకముగా ఆటంకము కలిగించినచో 3 మాసముల వరకు ఖైదు, లేక 2,500 రూపాయల వరకు జరిమానా, లేక రెండును.

(2) 132వ సెక్షను: విధిని నెరవేర్చనీయకుండుటకై దౌర్జన్యము చేసినచో 2 సంవత్సరముల వరకు ఖైదు, లేక జరిమానా, లేక రెండును.

(3) 121వ సెక్షను: అదే ఉద్దేశముతో గాయపరచినచో 5 సంవత్సరముల వరకు ఖైదు, లేక జరిమానా, లేక రెండును. గాయము తీవ్రమైనచో 1 సంవత్సరమునకు తక్కువ కాకుండ 10 సంవత్సరముల వరకు ఖైదును, జరిమానాయును.

ఇందొక భేదము గమనింపదగినది. దౌర్జన్యము విషయమున పోలీసువారు స్వయముగా కేసు నమోదు చేయవచ్చును. కేవలము ఆటంకము విషయమున, భారతీయ నాగరిక సురక్షా సంహిత 215వ సెక్షను ననుసరించి, ఆ ఉద్యోగి గాని, అతని పై అధికారి గాని, అతడు అధికారమిచ్చిన మరియొక పబ్లికు సర్వెంటు గాని వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయనిదే కోర్టు విచారణకు తీసికొనదు.

ఆహార తనిఖీకి ప్రత్యేక రక్షణ కలదు. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము 62వ సెక్షను ఫుడ్ సేఫ్టీ ఆఫీసరును అడ్డగించుటను, బెదిరించుటను, కొట్టుటను నేరముగా నెంచినది. అదే చట్టము 39వ సెక్షను, తగిన కారణము లేక వేధించుటకై సరుకు పట్టుకొన్న ఆఫీసరునకు 1 లక్ష రూపాయల వరకు జరిమానా విధించుచున్నది.

రక్షణకు హద్దు కూడ కలదు. ఉద్యోగి తన హోదాలో సద్బుద్ధితో చేయు పనికి ఎదురుగా, ప్రాణభయముగాని తీవ్ర గాయభయముగాని సహేతుకముగా లేనప్పుడు, ఎదుటివానికి ఆత్మరక్షణ హక్కు లేదని న్యాయ సంహిత 37వ సెక్షను చెప్పుచున్నది. అయితే వచ్చినవాడు పబ్లికు సర్వెంటని ఎరుగకయు, అట్లు నమ్ముటకు కారణము లేకయు నున్నవానికి ఈ నిషేధము వర్తింపదు. కావున గుర్తింపు కార్డు చూపుట, వచ్చిన పని చెప్పుట కేవలము మర్యాద కాదు. ఉద్యోగికి అదియే మొదటి కవచము.

చట్టబలమొక్కటియే చాలదనుటకు పూనా దృష్టాంతము. 1897లో అంటువ్యాధుల చట్టము పుట్టిన యేటనే అచ్చట ప్లేగు నిమిత్తము సైనికులు ఇండ్లు సోదా చేయగా జనులలో తీవ్ర ద్వేషము కలిగెను. జూన్ 22న ప్లేగు అధికారి ర్యాండు కాల్పులకు గురియై పిదప మరణించెను. అదే చట్టమును 2020లో సవరించి, అంటువ్యాధి కాలమున ఆరోగ్య సిబ్బందిపై హింసకు 3 మాసముల నుండి 5 సంవత్సరముల వరకు ఖైదు ఏర్పరచిరి.

దాడి జరిగినచో ఉద్యోగి ఆలస్యము చేయక స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, వైద్య పరీక్ష చేయించుకొని, సాక్షుల పేర్లు వ్రాసికొనవలెను. రాజీపడుమని అతనిని తొందరపెట్టక, కేసు ముగియువరకు వెంట నిలుచుట పై అధికారి విధి.