పైరు ఉష్ణోగ్రత కొలతలలో స్విచింగ్ నాయిస్ దోషం: గుర్తింపు, సవరణ

జగిత్యాల మొక్కజొన్న, కోరుట్ల పసుపు పైర్లలో నీటి ఎద్దడిని ఆకు ఉష్ణోగ్రతను బట్టి అంచనా వేయుటకు రాగి–కాన్‌స్టాంటన్ థర్మోకపుల్ అనుకూలమైన సాధనం. అయితే డిగ్రీ సెల్సియస్‌కు దాని నుండి లభించే వోల్టేజి సుమారు 40 మైక్రోవోల్టులు మాత్రమే. ఆంప్లిఫయర్ దానిని 100 రెట్లు పెంచి లాగర్‌కు అందించినప్పుడు, ప్రవేశం వద్ద చేరిన 40 మైక్రోవోల్టుల దోషం కూడ ఒక డిగ్రీగా నమోదవుతుంది. రెండు మూడు డిగ్రీల తేడాతో తడిని నిర్ణయించే చోట ఇది ఉపేక్షించదగినది కాదు.

ఒక ప్రయోగపు మడిలో తడి ఇచ్చిన మర్నాడు కూడ మధ్యాహ్నపు ఆకు ఉష్ణోగ్రత తగ్గలేదు. విద్యార్థి దానిని ఎద్దడిగానే వ్రాసుకొన్నాడు. నాకు అనుమానం కలిగి సౌరఫలకంపై టార్పాలిన్ కప్పించాను. రీడింగు వెంటనే దిగింది. ఆకు అంత త్వరగా చల్లబడదు. లాగర్ బ్యాటరీని ఛార్జి చేసే కంట్రోలర్ సెకనుకు వేలాది సార్లు కరెంటును తెరచి మూస్తుంది. ఎండ పెరిగిన కొద్దీ ఆ నాయిస్ పెరుగుతుంది. పైరు ఎద్దడి కూడ ఎండతోనే పెరుగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

సగటు తీసినంత మాత్రాన ఈ దోషం పోదు. ఆంప్లిఫయర్ తన సామర్థ్యానికి మించిన పౌనఃపున్యాలను అనుసరించలేదు. దాని ప్రవేశ ట్రాన్సిస్టర్లు వాటిని డయోడువలె ఏకముఖం చేసి స్థిరమైన వోల్టేజిగా మారుస్తాయి. కనుక రీడింగు చలించదు, తప్పుగా నిలకడగా ఉంటుంది.

మిట్టమధ్యాహ్నం థర్మోకపుల్‌ను తొలగించి, ఆంప్లిఫయర్ ప్రవేశపు కొనలను పొట్టి రాగి తీగతో కలపవలెను. అప్పుడు పరికరం కనెక్షన్ పెట్టె ఉష్ణోగ్రతనే చూపవలెను. ఛార్జింగ్ ఆపినప్పుడు, నడిపినప్పుడు తేడా వచ్చినచో దోషం సర్క్యూట్‌లోనిదే. తేడా రానిచో అదే పరీక్షను కేబుల్ చివర చేయవలెను. సిరిసిల్లలో మరమగ్గాలను నిందించుట సులభం. ముందు మన పెట్టెను చూచుట మేలు.

సవరణ ఆంప్లిఫయర్‌కు ముందే జరగాలి. రెండు ప్రవేశాలకు సమానంగా 1 కిలో ఓమ్ నిరోధకం, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అమర్చినచో సుమారు 1.6 కిలోహెర్ట్జ్ పైనున్నవి క్షీణిస్తాయి. విలువలు సమానం కానిచో రెండు తీగలకూ ఉమ్మడిగా వచ్చే నాయిస్ సంకేతంలో కలుస్తుంది. తీగలను మెలివేసి, ఛార్జర్ తీగలకు దూరంగా ఉంచి, ఎర్త్‌ను ఒకే బిందువు వద్ద కలపవలెను.

పాత రీడింగుల నుండి స్థిరసంఖ్యను తీసివేసి సరిచేయుట తగదు. దోషం ఎండతో మారుతూ వచ్చింది. ఆ మడి పగటి రీడింగులను మేము విశ్లేషణ నుండి తొలగించి, ఛార్జింగ్ లేని రాత్రి రీడింగులను మాత్రమే ఉంచాము.