వచనం వచ్చింది, వినయం రాలేదు

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో మా తెలుగు సంఘం పిల్లలకు బైబిలు చెబుతున్నాను. వచనాలన్నీ కంఠతా వచ్చు, ఇంట్లో మాత్రం అమ్మానాన్నల మీద విసుక్కుంటారు. ఏం చేయను?

జవాబు: పాఠం కాస్త తగ్గించండమ్మా, వినయం చేసి చూపిస్తేనే వస్తుంది. ఆస్ట్రేలియా నుంచి 1965లో ఒడిశా వచ్చిన గ్రాహం స్టెయిన్స్ బారిపదలో కుష్ఠు రోగుల సేవలో బతికారు. 1999 జనవరిలో ఆయన్నీ ఇద్దరు కొడుకుల్నీ సజీవ దహనం చేస్తే, భార్య గ్లాడిస్ హంతకుల్ని క్షమించి అక్కడే సేవ సాగించారు. ఆ క్షమ ఒక్కరోజులో పుట్టిందంటే నేను నమ్మను, రోగుల మధ్య గడిపిన ఏళ్లే దాన్ని పెంచాయి.

అందుకే ఆరాధన తర్వాత ప్రేమవిందు గిన్నెలు తోమేటప్పుడు పిల్లల్ని పక్కన నిలబెట్టుకోండి. మీరు ఎవరినైనా కసురుకుంటే, వాళ్లు చూస్తుండగానే క్షమాపణ అడగండి.