నేల దగ్గరి ఓజోన్ – గోధుమకు దెబ్బ

ఎండాకాలం మధ్యాహ్నం సికింద్రాబాద్‌లోని రాంగోపాల్‌పేట్ సిగ్నల్ దగ్గర ఆగిన బండ్ల పొగ చూసే ఉంటారు. అందులోని నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరయ్యే కర్బన సమ్మేళనాలు ఎండలో చర్య జరిపితే ఓజోన్ పుడుతుంది. ఏ గొట్టం నుంచీ నేరుగా రాదు కనుక ఇది ద్వితీయ కాలుష్యకం. గాలివాటున పొలాలకు చేరి, పత్రరంధ్రాల గుండా ఆకులోకి దూరుతుంది. ఆకు ముందే పండిపోతుంది, కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది, గింజ సన్నబడుతుంది. వరికన్నా గోధుమ దీనికి సున్నితం. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) శాస్త్రవేత్తల 2014 నాటి అధ్యయనం ప్రకారం, 2005లో ఓజోన్ వల్ల దేశం కోల్పోయిన గోధుమ సుమారు 35 లక్షల టన్నులు, వరి 21 లక్షల టన్నులు. తెలంగాణలో గోధుమ సాగు తక్కువే. వరి లెక్క మాత్రం మన కంచం దాకా వస్తుంది. గాలిలో ఓజోన్‌కు 2009 జాతీయ ప్రమాణం: 8 గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు.