గుడ్డులోనే చీడకు చెక్

శంషాబాద్ విమానాశ్రయం నుంచి నగరానికి వచ్చే దారిలో రాజేంద్రనగర్ తగులుతుంది. జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ (ఎన్ఐపీహెచ్ఎం) ఉన్నది అక్కడే. 1966లో కేంద్ర సస్యరక్షణ శిక్షణ సంస్థగా మొదలై, 2008లో ఈ పేరు పొందింది. మిత్రపురుగుల పెంపకంపై ఇక్కడ శిక్షణ ఇస్తారు.

వాటిలో ట్రైకోగ్రామాది ప్రత్యేక స్థానం. మిల్లీమీటరు కూడా లేని ఈ కందిరీగ జాతి పరాన్నజీవి, చీడ రెక్కల పురుగుల గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. లోపలి పిల్లపురుగు ఆ గుడ్డునే తినేస్తుంది, గుడ్డు నల్లబడుతుంది. దీన్ని పెంచడానికి కోర్సైరా అనే బియ్యపు పురుగు గుడ్లు వాడతారు. వాటిలోంచి గొంగళిపురుగులు రాకుండా ముందే అతినీలలోహిత కాంతి తగిలించి, అట్టలకు అంటిస్తారు. ఒక్కో కార్డుపై సుమారు 20,000 గుడ్లు! ట్రైకోగ్రామా వాటిలో తన గుడ్లు పెట్టాక, ముక్కలు కత్తిరించి ఆకుల అడుగున పిన్ను చేస్తే చాలు. చెరకు పీక పురుగుకు ట్రైకోగ్రామా కైలోనిస్, వరి కాండం తొలిచే పురుగుకు జపోనికమ్. కార్డులు పెట్టిన రోజుల్లో పురుగుమందు కొడితే మాత్రం శ్రమంతా వృథా.

ఇక వ్యవసాయానికి పనికొచ్చే మరో జీవ పద్ధతి, కణజాల వర్ధనం. ఒక్క కణం నుంచి పూర్తి మొక్క రాగల శక్తి టోటిపొటెన్సీ. అరటికి పిలక కొనమొగ్గను వాడతారు. హార్మోన్లలో సైటోకైనిన్ ఎక్కువైతే కొమ్మలు, ఆక్సిన్ ఎక్కువైతే వేర్లు.

పరీక్షలు రాసే అభ్యర్థులు ఇందులో తరచూ తడబడేది సంవత్సరాల దగ్గర: కణజాల వర్ధనం ఆలోచన హేబర్‌లాండ్‌ది, 1902, కణజాలాన్ని పెంచే ఎంఎస్ మాధ్యమం మురషిగే, స్కూగ్‌లది, 1962.