ఊపిరి లెక్క

మార్ఫిన్ ఇంజక్షన్ ఇవ్వబోయే నర్సు ముందుగా రోగి ఛాతీ వంకా, గడియారం వంకా చూస్తుంది. ఎందుకు? ఊపిరులు లెక్కించడానికి. ఆ మందు నొప్పితోపాటు, మెదడు అడుగున శ్వాసను నడిపే కేంద్రాన్నీ మందగింపజేస్తుంది. పెద్దవారిలో ఊపిరులు నిమిషానికి 12 కన్న తగ్గితే ఆమె మందు ఇవ్వక డాక్టరుకు చెబుతుంది.

ఇటువంటి లెక్క మీదనే ఒకప్పుడు హైదరాబాదులో పెద్ద వాదం నడిచింది. క్లోరోఫాం ముందుగా ఆపేది శ్వాసనా, గుండెనా? నిజాం ప్రభుత్వ సహాయంతో 1888లోనూ, 1889లోనూ సంఘాలు కూర్చుని జంతువులపై పరీక్షలు జరిపాయి. శ్వాసనే కనిపెట్టి ఉండండి, నాడితో పని లేదన్నాడు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. అది సగమే నిజం! తేలిక మత్తులోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో లెవీ పిల్లులపై చూపాడు. అందుకే ఇప్పుడు మత్తు ఇచ్చినప్పుడు రెండూ చూస్తారు.

ఉత్తేజకాలది ఎదురు దారి. మెదడులో నిద్రమత్తు కలిగించే అడినోసిన్ కూర్చోవలసిన చోటును కాఫీలోని కెఫీన్ ఆక్రమిస్తుంది. పరీక్షల ముందురాత్రి కాఫీ తాగే మీకు వింతగా తోచవచ్చు గాని, నెలలు నిండక పుట్టిన బిడ్డ ఊపిరి తీయడం మరచిపోతుంటే ఇచ్చే మందు ఆ కెఫీనే. అక్కడా నర్సు లెక్కపెడుతూనే ఉంటుంది. గుండె మరీ వేగంగా కొట్టుకుంటుంటే, తరువాతి మోతాదుకు ముందు డాక్టరును అడుగుతుంది.