క్యూసీ అంటే అంత చులకనా, అమ్మడూ?

అమ్మడూ,

కెమిస్ట్రీ చదివితే చివరికి క్యూసీ ల్యాబులో నైట్ షిఫ్టే గతి అని మీ సీనియర్ అన్న మాట సగం నిజం. మిగతా సగం అతనికి ఇంకా తెలియదు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదని నువ్వే రాశావు కదా! జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, పైడిభీమవరం, ఎక్కడికి వెళ్లినా బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకు ముందుగా దొరికేది క్వాలిటీ కంట్రోలే. షిఫ్టులుంటాయి, కంపెనీ బస్సులో తూగుతూ ఇంటికి రావడం ఉంటుంది. మొదట్లో జీతం నలుగురిలో చెప్పుకునేంత ఉండదు. ఇవేవీ నీ దగ్గర దాచను. కానీ ఆ మాట పట్టుకుని "అదీ ఒక ఉద్యోగమేనా మామయ్యా" అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

వల్సార్టాన్ సంగతి విను. అది బీపీ మందు. చైనాలో దాన్ని తయారుచేసే ఒక పెద్ద కంపెనీ, దిగుబడి పెరుగుతుందని, టెట్రజోల్ వలయం కట్టే మెట్టును మార్చింది. కొత్త పద్ధతిలో సాల్వెంటు డీఎమ్ఎఫ్. చర్య అయిపోయాక మిగిలిన అజైడ్‌ను తొలగించడానికి సోడియం నైట్రైట్. డీఎమ్ఎఫ్ కొంచెం విరిగినా డైమిథైల్ అమీన్ వస్తుంది. ఆమ్లంలో నైట్రైట్ నుంచి పుట్టే నైట్రస్ ఆమ్లానికి సెకండరీ అమీన్ తగిలితే ఏమవుతుందో నీకు తెలుసు. అమీన్ల పాఠంలో ప్రైమరీకీ సెకండరీకీ తేడా కనిపెట్టే పరీక్ష అని బట్టీ పట్టావు. నైట్రోసమీన్! ఇక్కడ పుట్టినదాని పేరు ఎన్‌డీఎమ్ఏ. మనిషికి క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఉన్నది.

ఆ మందు మామూలు పరీక్షలన్నీ పాసవుతూ ఏళ్ల తరబడి బజారులోకి వెళ్లింది. ఎవరూ వెతకనిది ఏ పరీక్షలోనూ కనపడదు మరి. చివరికి 2018 జూన్‌లో, ఆ సరుకు కొనే ఒక కంపెనీ మిగులు సాల్వెంట్ల పరీక్ష చేస్తుంటే, క్రొమటోగ్రామ్ మీద ఊరూ పేరూ లేని ఒక పీక్ కనిపించింది. ఇంటెగ్రేషన్‌లో కాస్త సర్దేసి ఫైలు మూసేయొచ్చు. అలా చేయలేదు. జులైలో యూరప్‌లోనూ అమెరికాలోనూ ఆ మందును వెనక్కి రప్పించారు. ఇవాళ మందుల కంపెనీలు తమ మందుల్లో నైట్రోసమీన్ పుట్టే వీలుందా అని లెక్క రాసి అధికారులకు చూపించాల్సిందే. ఆ లెక్కకు చర్యల ఆనుపానులు తెలిసిన సింథటిక్ కెమిస్టూ కావాలి, ఎల్‌సీ-ఎంఎస్ దగ్గర ఓపిగ్గా కూర్చునే ఎనలిస్టూ కావాలి. కథ మొదలైంది మాత్రం నువ్వు చులకన చేసిన ఆ ల్యాబులాంటి చోటే.

ఇంకో సంగతి. టైట్రేషన్‌లో మూడు రీడింగులూ 10.2 రాలేదని, సీనియర్ రికార్డు చూసి సర్దేశామని, అదేదో ఘనకార్యమైనట్టు నవ్వుతూ రాశావు. మీ కాలేజీలోనే కాదు, అన్ని చోట్లా చేస్తారు, నాకు తెలుసు. ఎగ్జామినర్ కూడా చూసీ చూడనట్టు వదిలేస్తాడు. ఫ్యాక్టరీలో వదలరమ్మా. అక్కడ హెచ్‌పీఎల్‌సీకి తగిలించిన కంప్యూటరు, ఎవరు ఎన్ని గంటలకు ఏ ఇంజెక్షన్ ఇచ్చారో, దేన్ని ఆపేశారో, దేన్ని చెరిపేశారో అంతా రాసిపెట్టుకుంటుంది. దాన్ని ఆడిట్ ట్రెయిల్ అంటారు. అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీదారు వస్తే రిపోర్టుల కంటే ముందు అదే అడుగుతాడు. ఫలితం బాగా రాకపోతే పక్కన పెట్టి, బాగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ ఇంజెక్ట్ చేసి, ఆ ఒక్కటే చూపించినందుకు మన దేశపు ప్లాంట్లు హెచ్చరిక లేఖలు తిన్నాయి, ఎగుమతులు పోగొట్టుకున్నాయి. ఆ అలవాటుకు బీజం పడేది డిగ్రీ ల్యాబులో, బ్యూరెట్ ముందే అని నా గట్టి నమ్మకం. ఇంటర్వ్యూల్లో నేను పేరున్న రియాక్షన్లు అడిగేవాణ్ణి కాదు. "నీ ప్రాజెక్టులో రానిది ఏంటి? రానప్పుడు నోటుబుక్కులో ఏం రాశావు?" అని అడిగేవాణ్ణి. అన్నీ వచ్చాయండీ అన్నవాళ్లను తీసుకోలేదు. ఈ విషయంలో నేను మొండివాణ్ణని మీ అమ్మ కూడా చెబుతుంది. ఆ రీడింగులు రాసిన చేత్తోనే మళ్లీ ఒకసారి టైట్రేషన్ చెయ్, వచ్చింది రాయి. మార్కు పోతే పోనీ.

బీఎస్సీతో ఎవరు పైకొచ్చారు అన్నావు. గుంటూరు ఏసీ కాలేజీ సంగతి చెబుతా. అక్కడ ఎ.వి. రామారావు 1956లో, కల్లం అంజిరెడ్డి 1958లో బీఎస్సీ పూర్తిచేశారు. ఇద్దరూ బొంబాయి యూనివర్సిటీ కెమికల్ టెక్నాలజీ విభాగానికి (యూడీసీటీ) వెళ్లారు, ఇద్దరూ పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో (ఎన్‌సీఎల్) పీహెచ్‌డీ చేశారు. దారి అక్కడ చీలింది. రామారావు ప్రభుత్వ ల్యాబుల్లోనే ఉండి హైదరాబాద్ ఐఐసీటీకి డైరెక్టరయ్యారు. ఎయిడ్స్ మందు ఏజడ్‌టీ తయారీ పద్ధతిని అక్కడే రూపొందించి సిప్లాకు ఇచ్చారు. 1995లో రిటైరయ్యాక అవ్రా లేబొరేటరీస్ పెట్టారు. అంజిరెడ్డి హైదరాబాద్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేసి, బయటికొచ్చి, భాగస్వాములతో కంపెనీలు నడిపి, 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు.

అయితే వాళ్ల తెలివితేటలొక్కటే చూసి దండం పెట్టకు. 1970 పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. అది మందుకు పేటెంటు ఇచ్చేది కాదు, దాన్ని చేసే పద్ధతికే ఇచ్చేది. అంటే కొత్త దారి కనిపెట్టగల కెమిస్టు ఉంటే చాలు, ఆ మందు మనమూ చేసుకోగలిగేవాళ్లం. బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో అన్ని కంపెనీలు మొలకెత్తడానికి సగం కారణం ఆ చట్టమే. 2005లో మందు మీద పేటెంటు తిరిగొచ్చింది. కనుక వాళ్ల దారి నీకు అలాగే దొరకదు. నీ కాలంలో ఉన్నవి వేరు: విదేశీ కంపెనీలకు ఇక్కడే పరిశోధన చేసిపెట్టే జీనోమ్ వ్యాలీ ల్యాబులు, పేటెంట్లు చదివి దారి ఎక్కడ ఖాళీగా ఉందో చెప్పే పని. సైన్స్ డిగ్రీ ఉంటే పేటెంట్ ఏజెంటు పరీక్ష రాయొచ్చు. లా డిగ్రీ అక్కర్లేదు. మీ లెక్చరర్లు ఇది ఎందుకు చెప్పరో!

సర్కారు ఉద్యోగమంటే టీచరు, బ్యాంకు, గ్రూప్స్ తప్ప మీ ఇంట్లో మరోటి తోచదు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో కెమిస్టు పోస్టులున్నాయి, యూపీఎస్సీ నడిపే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షతో తీసుకుంటారు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుకు కెమిస్ట్రీలో పీజీ పనికొస్తుంది. మీ నాన్న బీఈడీ అంటున్నాడట. పిల్లలకు చెప్పడం నీకు ఇష్టమైతే బంగారంలా చెయ్. ఇంకేమీ దొరకదన్న భయంతో మాత్రం వద్దు.

పీహెచ్‌డీ గురించి ఇప్పుడే నిర్ణయించుకోకు. నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం అదనం. బతకొచ్చు. గైడు ఎవరన్నది యూనివర్సిటీ పేరు కంటే ముఖ్యం. చేరేముందు ఆ ల్యాబులో చదువుతున్నవాళ్లను విడిగా కలిసి అడుగు. ఎమ్మెస్సీలో ఏ స్పెషలైజేషన్ అంటావా, మన ప్రాంతంలో ఉద్యోగాలకు ఆర్గానిక్, ఎనలిటికల్. ఫిజికల్ అంటే ప్రాణమైతే అదే చదువు, కానీ పీహెచ్‌డీ దాకా ఆగనని మనసులో అనుకుని మరీ చేరు.

ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ పరీక్ష దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరులో తీసుకుంటారు, పరీక్ష ఫిబ్రవరిలో. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ వేరే రాయాలి, మన రాష్ట్రం పీజీసెట్ ఎలాగూ ఉంది. మూడింటికీ కట్టు. ఫీజులు నేను పంపుతాను. బీఈడీ సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను, నువ్వు మధ్యలో నోరు జారకు.

ప్రేమతో,
మీ మామయ్య